రెక్కలు లేని ఈగ, పెద్దప్రేగు క్యాన్సర్: ఒక చిన్న ప్రోటీన్ చరిత్ర

మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగలను మనం చేతితో తోలివేస్తాము. ఆ కోవకు చెందిన డ్రోసోఫిలా అనే పండ్ల ఈగ, వైద్యశాస్త్రానికి ఎన్నో పాఠాలు నేర్పింది. వాటిలో ఒక పాఠం మన దేశంలోనే మొదలైందన్న సంగతి చాలామందికి తెలియదు.

1973లో, నేను వైద్యవిద్యార్థిగా ఉన్న రోజులలో, ఆర్.పి. శర్మ అనే జన్యుశాస్త్రవేత్త ఒక వింత ఈగను వర్ణిస్తూ చిన్న నివేదిక ప్రచురించారు. ఆ ఈగలలో కొన్నింటికి ఒక రెక్క లేదు. కొన్నింటికి రెండూ లేవు. రెక్క ఉండవలసిన చోట వీపు భాగమే అద్దంలో ప్రతిబింబంలా మరొకసారి ఏర్పడింది. ఆ జన్యువుకు 'వింగ్‌లెస్', అనగా రెక్కలు లేనిది, అని పేరు పెట్టారు. 1976లో ఆయన, వి.ఎల్. చోప్రాతో కలిసి ఈ మార్పును సవివరంగా వెల్లడించారు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో జరిగిన ఈ పనిని ఆనాడు మా వైద్య కళాశాలలో ఎవరూ ప్రస్తావించిన గుర్తు లేదు.

1980లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరంలో క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషౌస్ అనే శాస్త్రవేత్తలు ఈగ పిండం ఖండాలుగా విభజన చెందడానికి అవసరమైన జన్యువుల జాబితాను ప్రకటించారు. అందులో వింగ్‌లెస్ కూడా ఉంది. ఈ జన్యువు పూర్తిగా దెబ్బతింటే పిండమే బ్రతకదని తేలింది. వీరిద్దరికీ, ఎడ్వర్డ్ లూయిస్‌కూ 1995లో నోబెల్ బహుమతి లభించింది.

ఇదే కాలంలో అమెరికాలో మరొక అన్వేషణ సాగుతున్నది. రోయల్ నుస్సే, హెరాల్డ్ వార్మస్ అనే పరిశోధకులు, ఎలుకలలో రొమ్ము క్యాన్సర్‌ను కలిగించే ఒక వైరస్ ఏ జన్యువు చెంత చేరి దానిని రెచ్చగొడుతున్నదో 1982లో గుర్తించారు. దానికి 'ఇంట్-1' అని పేరు. 1987లో ఆశ్చర్యకరమైన నిజం బయటపడింది: ఈగలోని వింగ్‌లెస్, ఎలుకలోని ఇంట్-1 ఒకే జన్యువుకు రెండు రూపాలు! ఈ రెండు పేర్లను కలిపి 1991లో 'వింట్' అనే పేరు ఏర్పరచారు. మానవునిలో ఇటువంటి జన్యువులు 19 ఉన్నాయి.

వింట్ ఒక చిన్న ప్రోటీన్. ఒక కణం దానిని బయటకు పంపితే, పొరుగు కణం అందుకొంటుంది. ఆ కబురు అందనంత కాలం, కణంలోని బీటా-కెటెనిన్ అనే పదార్థం ఎప్పటికప్పుడు నాశనమవుతూ ఉంటుంది. కబురు అందగానే ఆ నాశనం ఆగుతుంది. బీటా-కెటెనిన్ కేంద్రకంలోకి వెళ్ళి కణవిభజనకు తోడ్పడే జన్యువులను మేల్కొలుపుతుంది. కొద్ది రోజులకొకసారి కొత్తదయ్యే మన ప్రేగు లోపొరకు ఈ కబురు ప్రాణాధారం. కాని అది అవసరం తీరగానే ఆగాలి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. 1980ల నాటి మాట. మలంలో రక్తం పడుతున్నదని ఇరవై ఏడేళ్ళ రైతు ఒకరు నా వద్దకు వచ్చారు. మొలలని భావించి మందులు వ్రాసి పంపాను. తండ్రి నలభై ఏళ్ళకే 'కడుపులో గడ్డ'తో మరణించారని ఆయన చెప్పింది కొన్ని నెలల తరువాత, రెండవసారి వచ్చినప్పుడు. మొదటిసారి నేను అడగలేదు. అప్పటికి ప్రేగు నిండా పిలకలున్నాయి. వాటిలో ఒకటి క్యాన్సర్‌గా మారింది. ఆయనను కాపాడలేకపోయాము.

ఆ వంశపారంపర్య వ్యాధికి కారణమైన ఏ.పీ.సీ. జన్యువును 1991లో కనుగొన్నారు. ఆ తరువాత దాని పని బోధపడింది: బీటా-కెటెనిన్‌ను నాశనం చేసే యంత్రాంగంలో అదొక భాగం. అది చెడితే, ఎవరూ కబురు పంపకపోయినా కణం కబురు అందినట్లే నిరంతరం విభజన చెందుతుంది. వంశపారంపర్యం కాని పెద్దప్రేగు క్యాన్సర్లలో కూడా అత్యధిక భాగం ఈ జన్యువు చెడటంతోనే మొదలవుతాయి.

ఈ వ్యాధి ఉన్నవారి సంతానంలో ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. నేడు రక్తపరీక్షతో జన్యులోపాన్ని గుర్తించవచ్చు. లోపం ఉన్న పిల్లలకు పది, పన్నెండేళ్ళ వయసు నుండే ప్రేగు పరీక్ష మొదలుపెట్టి, క్యాన్సర్ రాకముందే శస్త్రచికిత్స చేయవచ్చు.

కనుక పాఠకులకు నా విన్నపం రెండే మాటలు. మలంలో రక్తం కనిపిస్తే మొలలేనని మీరే నిర్ణయించుకోవద్దు. మీ రక్తసంబంధీకులలో ఎవరికైనా చిన్న వయసులో ప్రేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి. నేను అడగని ఆ ఒక్క ప్రశ్న నేటికీ నన్ను వెంటాడుతున్నది.