గోదావరి సీమలో మెట్టయు పల్లమును

గోదావరి సీమయందలి మన కులస్థులలో మెట్టవారు, డెల్టావారు అను వాడుక కలదు. వియ్యములయందును, వసతిగృహముల చందాలయందును నేటికిని దీని ఛాయలు కానవచ్చుచున్నవి. ఈ భేదము నేల యెత్తునుబట్టి పుట్టినదని తలచి, దాని చరిత్రమును కొంత విచారింప బూనితిమి.

పూర్వము పల్లమున నున్నవాడు ధన్యుడు కాడు. ఏరు పొంగిన యేట ముంపు, పొంగని యేట ఎండ. 1833 నాటి కరవును, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెనయు వెంటవెంట వచ్చినవి. మెట్టరైతు మాత్రము చెరువుక్రింద కొంత వరియు, వానమీద చోళ్లు, కందులు, నువ్వులును పండించి యెట్లో కాలము గడపెడివాడు.

అర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమువద్ద 1847లో మొదలిడిన ఆనకట్ట 1852లో ముగిసెను. (నేడు దాని స్థానమున బ్యారేజి యున్నది.) ఇందలి మర్మమును మనలో పెక్కురు గమనింపరు. వరద తెచ్చిన ఒండ్రును నది ముందుగా తన గట్ల చెంతనే దించును. కావున డెల్టాలో ఏటియొడ్డు మెరక, ఒడ్డునకు దవ్వైన నేల పల్లము. కాలువను మెరకవెంట నడపినచో నీరు తనంతతానే చేలకు దిగును. మిగిలినది పల్లమునగల మురుగుకోడులగుండ సముద్రము చేరును. మోటతో పనిలేదు.

అయితే కాలువ మట్టమునకు పైనున్న రాజానగరము, జగ్గంపేట, చింతలపూడి ప్రాంతముల యెఱ్ఱనేలలకు ఆ నీరెక్కలేదు. ఒక్క యింటిపేరుగల జ్ఞాతులలోనే కాలువక్రిందివారు బిడ్డలను రాజమహేంద్రవరము, కాకినాడ కళాశాలలకు పంపగా, మెట్టవారు మబ్బువంక చూచుచుండిరి.

డెల్టావారందరును భాగ్యవంతులనుటయు సరికాదు. శివారు చేలకు నీరు ఆలస్యముగ వచ్చును. తీరమున మురుగు దిగదు, ఉప్పు పైకి వచ్చును. కొల్లేటి నీరు సముద్రము చేరుటకు ఉప్పుటేరొక్కటే దారి. 2011లో కోనసీమ రైతులు సార్వా మాని పంటవిరామము ప్రకటించినపుడు, గిట్టని ధరతోపాటు మురుగు బాధను గూడ చెప్పుకొనిరి.

బోరుబావులును, తాడిపూడి, పుష్కర ఎత్తిపోతలును వచ్చిన పిమ్మట మెట్టయందు ఆయిల్‌పామ్, కోకో తోటలు పెరిగినవి. పల్లమునకు ఊరక దిగు నీటిని మెట్టకు కరెంటుతో ఎక్కింపవలసియున్నది. బోరులకు ఊటనిచ్చు పాతచెరువులలో అనేకము పూడిపోయినవి. వసతిగృహముల నిధితోపాటు చెరువుల పూడికతీతకును కొంత సొమ్ము ప్రత్యేకింపవలెనని పోషకులకు మనవి చేయుచున్నాము. ముందుగా ఏ యూరి చెరువనునది మెట్టవారే నిర్ణయింతురుగాక.