ఓడ దిగి ఊళ్లోకి వచ్చిన హెచ్చరిక

బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే మర్నాటి పేపర్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ఫలానా రేవుల్లో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగురవేశారు. రెండ్రోజులకు ఒకటి కాస్తా మూడవుతుంది. గాలి ముదిరితే ఎనిమిదో, తొమ్మిదో, పదో అవుతుంది. నంబరు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుందని మనం లెక్కేసుకుంటాం. ఆ లెక్క కొంతవరకే నిజం. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఎక్కువ తక్కువల తేడా ఏమీ లేదు, ఉన్నదల్లా కుడి ఎడమల తేడా. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన వెనకా ఆ కుడి ఎడమల తేడాయే ఉంది.

ఇంత కీలకమైన సంగతి తీరంలో పుట్టి పెరిగినవాళ్లకు కూడా ఎందుకు తెలియదు? ఆ నంబర్లు మనకోసం రాసినవి కావు గనుక. అవి ఓడ కెప్టెన్ల కోసం పుట్టాయి.

పాము చుట్టలోంచి పుట్టిన మాట

పందొమ్మిదో శతాబ్దపు కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆంగ్లేయుడు ఉండేవాడు. తుపానులో చిక్కి బయటపడిన ఓడల లాగ్‌బుక్కులు సేకరించి, ఏ గంటకు ఏ దిక్కు నుంచి గాలి కొట్టిందో పోల్చి చూడటం ఆయన వ్యాపకం. ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఒకటే తేలింది. తుపాను గాలి తిన్నగా వీచదు, పాము చుట్ట చుట్టుకున్నట్టు తిరుగుతుంది. గ్రీకు భాషలో ఆ చుట్టకున్న పేరు నుంచి ‘సైక్లోన్’ అనే మాటను తయారుచేసి, 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో దాన్ని లోకానికిచ్చాడు. ఇవాళ ప్రపంచమంతా వాడే ఆ మాటకు పుట్టిల్లు మన బంగాళాఖాతమే.

నేల మీద ఉన్నవాళ్ల గురించి పిడింగ్టన్ ఆలోచించకపోలేదు. హుగ్లీ నది పూడుకుపోతోందని, మాత్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, 1853లో ఆయన గవర్నర్ జనరల్‌కే లేఖ రాశాడు. అక్కడ కడితే ఏదో ఒకరోజు సముద్రం లేచి వచ్చి రేవును తుడిచేస్తుందన్నది దాని సారాంశం. ఎవరూ పట్టించుకోలేదు. పోర్ట్ క్యానింగ్ పేరుతో రేవు లేచింది. పిడింగ్టన్ 1858లో కన్నుమూశాడు. 1867లో వచ్చిన తుపాను ఆ రేవును పాడుపెట్టింది. సర్కారు వారు పెడచెవిన పెట్టిన తుపాను హెచ్చరికల్లో ఇది తొలినాటిది.

మన తీరానికి ఇలాంటివి అప్పటికే పాత కథ. ఓడలు కట్టడంలో పేరుమోసిన గోదావరి ముఖద్వారపు రేవు కోరంగిని 1789లో ఒకసారి, 1839లో మరోసారి ఉప్పెన ఊడ్చేసింది. ఆ తర్వాత కోరంగి మళ్లీ కోలుకోలేదు.

ఒకే శరదృతువు, రెండు తుపాన్లు

1864 అక్టోబరు 5న కలకత్తాను పెద్ద తుపాను కొట్టింది. హుగ్లీలో లంగరేసిన ఓడలు లంగర్లు తెంచుకుని ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వేలమంది చనిపోయారు. నెల తిరగకుండానే, నవంబరు 1 రాత్రి, బందరు వంతు వచ్చింది. మామూలు పోటు మట్టానికి 13 అడుగుల ఎత్తున సముద్రం మచిలీపట్నం మీదికి, చుట్టుపక్కల పల్లెల మీదికి వచ్చింది. దాదాపు 30,000 మంది పోయారని ఆనాటి లెక్క.

ఆ మరుసటి ఏడాదే, 1865లో, తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. ఎక్కడ? కలకత్తా రేవులో. వర్తక సంఘాల సొమ్ము మునిగింది అక్కడ కాబట్టి. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. దాని తొలి అధికారి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. ఊరూరి నుంచి టెలిగ్రాఫ్‌లో అందే గాలి, వాన, పీడనం లెక్కలను ఒకే పటం మీద గుదిగుచ్చే పని అప్పుడు ఊపందుకుంది. 1898 ఏప్రిల్ 1 నుంచి దేశంలోని రేవులన్నిటికీ ఒకే రకమైన హెచ్చరిక గుర్తులు వచ్చాయి. పగలు స్తంభం మీద శంకువులు, పీపాల ఆకారాలు కడతారు. రాత్రి ఎర్రదీపాలు, తెల్లదీపాలు వేలాడదీస్తారు. దూరాన్నుంచి చూసి, రేవులోకి రావాలా, నడిసంద్రంలోకి పోవాలా అన్నది కెప్టెన్ తేల్చుకోవాలి.

పదకొండు నంబర్ల భాష

ఆ భాషను ఒకసారి విప్పి చూద్దాం. ఒకటి, రెండు దూరపు కబుర్లు. సముద్రంలో ఎక్కడో తుపాను పుట్టే వాతావరణం ఉందన్నది ఒకటి, పుట్టిందన్నది రెండు. మూడు అంటే రేవుకే ఈదురుగాలుల బెడద. నాలుగు అంటే తుపాను ముప్పు ఉంది కానీ, రేవు మొత్తాన్ని మూసేసేంత అవసరం ఇంకా రాలేదని. అయిదు నుంచి పది వరకూ అసలు గండం. తుపాను అయితే అయిదు, ఆరు, ఏడు. తీవ్ర తుపాను అయితే ఎనిమిది, తొమ్మిది, పది. ఒక్కో మూడింటిలో మొదటిది, తుపాను సాగే దారికి రేవు ఎడమపక్కన పడుతుందని చెబుతుంది. రెండోది కుడిపక్కన అంటుంది. మూడోది తుపాను రేవు మీదుగానో, దాన్ని రాసుకునో పోతుందని చెబుతుంది.

కుడి అయితేనేం, ఎడమ అయితేనేం? మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తీరం దాటేటప్పుడు తుపాను దారికి కుడిపక్కన ఉన్న గాలి సముద్రం నుంచి నేల మీదికి కొడుతుంది, తుపాను తన నడక వేగాన్నీ దానికి కలుపుతుంది. లోతు తక్కువ ఉన్న తీరమైతే, అలా తోసుకొచ్చిన నీళ్లు పోయే దారి లేక పైకి లేస్తాయి. అదే ఉప్పెన. ఎడమపక్కన గాలి నేల నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఇళ్ల కప్పులు అక్కడా లేస్తాయి, చెట్లు అక్కడా కూలతాయి, సముద్రం మాత్రం అంతగా ఊళ్లోకి రాదు.

ఇక చివరిది పదకొండు. దాని అర్థం వింటే ఒళ్లు జలదరిస్తుంది: హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక ఎవరి జాగ్రత్త వారిదే.

దివి కుడిపక్కన పడిన రోజు

పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలైతే, ఆ పాయల నడుమ సముద్రం దాకా పరుచుకున్న పల్లపు నేల దివిసీమ. 1977 నవంబరు 19 సాయంత్రం తుపాను తీరం దాటింది దివిలో కాదు, చీరాల దగ్గర. చీరాలకు ఈశాన్యాన, అంటే తుపాను దారికి కుడిపక్కన, దివి ఉంది. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన మైళ్లకు మైళ్లు లోపలికి చొచ్చుకొచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు ఊళ్లుగా మిగల్లేదు. మనుషులు తుమ్మచెట్లకు, తాటిచెట్లకు చిక్కుకుని కనిపించారు. అధికారిక లెక్కల్లోనే సుమారు 10,000 మంది పోయారు.

తుపాను గురించి రేడియో చెప్పింది. విశాఖలో తుపాన్లను పసిగట్టే రాడార్ 1970లోనే వచ్చింది. అయినా తుపాను వస్తోందన్న వార్తకూ, ఈ రాత్రి నీ పాకలో ఉండకు అన్న మాటకూ మధ్య వంతెన లేదు. గాలివానకు జడవని జనానికి, వచ్చేది గాలి కాదు నీరని చెప్పినవాళ్లు లేరు. చెప్పినా పోయి తలదాచుకోవడానికి పక్కా మేడ లేదు. బందరు ఉప్పెనకు, దివి ఉప్పెనకు మధ్య 113 ఏళ్లు. అదే తీరం, అదే జిల్లా. ఇన్నేళ్లలో ఓడలకు పదకొండు రకాల గుర్తులు సమకూరాయి. ఊళ్లకు ఒక్క గుర్తూ లేదు.

సైరన్ తెలుగులో పలికింది

దివి తర్వాతే హెచ్చరిక ఓడ దిగింది. తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి. 1980ల నడుమ ఇన్‌శాట్ ఉపగ్రహం ద్వారా హెచ్చరిక నేరుగా పల్లె చెవిన పడే ఏర్పాటు వచ్చింది. ఆంధ్ర, తమిళ తీరాల్లో రిసీవర్లు పెట్టారు. ముప్పున్న జిల్లాలను ఎంచుకుని సందేశం పంపితే అక్కడ సైరన్ మోగేది, వెనకే ఆ ప్రాంతపు భాషలో హెచ్చరిక వినిపించేది. దానికి పెద్ద పరీక్ష 1990 మే 9న ఎదురైంది. 1977 నాటి దానితో పోల్చదగిన తుపాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మృతులు వెయ్యి లోపు. అది చిన్న సంఖ్య కాదు, అయినా పదివేలు కాదు.

1996 నవంబరు 6న కోనసీమ తుపాను మరో కంతను బయటపెట్టింది. అప్పుడు పోయినవాళ్లలో, గల్లంతైనవాళ్లలో వేటకెళ్లిన మత్స్యకారులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. హెచ్చరిక ఊరిదాకా వచ్చింది కానీ, పడవదాకా పోలేదు. విచిత్రమేమిటంటే హెచ్చరికలు మొదట పుట్టింది సముద్రం మీద ఉన్నవాళ్ల కోసమే. పెద్ద ఓడకు అందిన కబురు తెరచాప పడవకు అందలేదు.

1999 ఒడిశా సూపర్ సైక్లోన్ ఏడాది నుంచి హెచ్చరికలు నాలుగు అంచెలయ్యాయి: ముందస్తు కబురు, రెండ్రోజుల ముందు అప్రమత్తత, ఒకరోజు ముందు హెచ్చరిక, తీరం దాటాక లోపలి జిల్లాల పరిస్థితి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడినప్పుడు మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ఆరోజు మరొకటీ జరిగింది. కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి, కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ కూడా దెబ్బతింది. 1898 నాటి వరసలోని పదకొండో నంబరు స్మార్ట్‌ఫోన్ల నగరంలో మరోసారి అర్థమైంది.

రాని తుపాను

చీరాల నుంచి దివిసీమలోని నాగాయలంకకు తిన్నగా గీత గీస్తే 60 కిలోమీటర్ల పైచిలుకు. ఒకరోజు ముందు తీరం దాటే చోటు చెప్పడంలో ఇప్పటికీ సగటున పదుల కిలోమీటర్ల తేడా వస్తూనే ఉంది. అంటే ఏ ఊరు కుడిపక్కన పడుతుందో, ఏది ఎడమపక్కన పడుతుందో చివరి పూటదాకా ఎవరూ గట్టిగా చెప్పలేరు. అందుకే కలెక్టర్లు రెండు పక్కల ఊళ్లనూ ఖాళీ చేయిస్తారు. తెల్లారాక సగం ఊళ్లవాళ్లు, అనవసరంగా పిల్లాజెల్లాతో బడిలో పడుకున్నామని విసుక్కుంటూ ఇళ్లకు పోతారు. ఆ విసుగులోంచే వచ్చేసారికి కదలకూడదన్న పట్టుదల పుడుతుంది. నిజానికి వాళ్లకు తప్పుడు కబురు అందలేదు. వాళ్ల ఊరు ఈసారి ఎడమపక్కన పడింది, అంతే.

కనుక ఈసారి పేపర్లో నంబరు చూసినప్పుడు అది ఎంతకు పెరిగిందన్న దగ్గరే ఆగిపోవద్దు. తుపాను ఎక్కడ తీరం దాటుతుందంటున్నారు, దానికి మన ఊరు ఏ పక్కన ఉంది, మన నేల సముద్రానికి ఎంత ఎత్తున ఉంది అని మూడు ప్రశ్నలు వేసుకోండి. జవాబు తేలనప్పుడు కుడిపక్కనే ఉన్నామనుకుని బయల్దేరండి.