రాత్రి భోజనానికి వేళ ఏది?

గడియారాలు లేని కాలంలో మన పల్లెలలో పగటివేళలను అన్నంతోనే కొలిచేవారు. చల్దివేళ అంటే ఇంత పొద్దెక్కిందనీ, అంబటిపొద్దు అంటే మరికొంత ఎక్కిందనీ వినేవారికి చప్పున బోధపడేది. సాయంకాలానికి వచ్చేసరికి ఈ కొలత చెల్లలేదు. పసులు మళ్ళేవేళ, సందెవేళ, దీపాలు పెట్టేవేళ అన్నవి వెలుతురును బట్టి, పనులను బట్టి ఏర్పడిన మాటలు. మాపటి అన్నం అన్న మాట ఉన్నది గాని, దానిని ఏ గడియకు తినాలో ఆ మాటలో లేదు. నూనెదీపం చెప్పినట్లు నడచుకున్న సంసారాలకు దానిని గురించి వేరే ఆలోచించవలసిన అవసరం అంతగా రాలేదు. మీట నొక్కితే దీపం వెలిగే రోజులు వచ్చిన తరువాత రాత్రి భోజనం ఎనిమిదికీ, తొమ్మిదికీ, కొన్ని ఇళ్ళలో పదింటికీ జరిగింది. ఇందువల్ల ఆరోగ్యం చెడుతుందా, ఒళ్ళు పెరుగుతుందా అని ఇప్పుడు పలువురు అడుగుతున్నారు. ప్రశ్న కొత్తది కాదు. దీని మీద బుద్ధుని కాలంలోనే గట్టి వాదం నడిచినట్లు బౌద్ధ వాఙ్మయం చెబుతున్నది.

పాలీభాషలోని మజ్ఝిమనికాయంలో ఉదాయి అనే భిక్షువు చెప్పిన ముచ్చట ఒకటి కలదు. తొలిరోజులలో భిక్షువులు వేళాపాళా లేక పగలూ రాత్రీ కూడా భుజించేవారట. బుద్ధుడు మొదట అపరాహ్ణంలో తినడాన్ని, ఆ తరువాత రాత్రి తినడాన్ని మాన్పించినాడు. రెండవ ఆజ్ఞ విన్నప్పుడు ఉదాయికి మనసు చివుక్కుమన్నది. కారణం ఏమంటే, గృహస్థుల ఇళ్ళలో రుచికరమైన వంట అంతా రాత్రి పూటనే. పగలు మంచి కూర దొరికినా, రాత్రికి అందరమూ కలిసి తిందామని దాచిపెట్టేవారు. పగలు శ్రమించి రాత్రి తీరికగా తినే ఇంటి అలవాటు ఎంత పాతదో దీనిని బట్టి ఊహించవచ్చు.

అయితే చీకటిలో భిక్షకు తిరగడంలోని కష్టాలు కూడా ఉదాయి చెప్పినాడు. భిక్షువులు మురికిగుంటలలో పడేవారు, ముళ్ళపొదలలో చిక్కుకునేవారు, పడుకున్న ఆవు మీదికి వెళ్ళేవారు, దొంగల కంట పడేవారు. ఒక రాత్రి ఒక ఇల్లాలు గిన్నె కడుగుతుండగా మెరుపు మెరిసింది. ఆ వెలుతురులో ఎదుట నిలిచిన ఉదాయిని చూసి ఆమె పిశాచమనుకొని కెవ్వుమన్నది. భిక్షకు వచ్చిన వాడని తెలిసిన తరువాత, కడుపు కోసం ఇలా చీకట్లో తిరగడం కంటె ఆ కడుపును కత్తితో కోసుకోవడమే మేలని చీవాట్లు పెట్టింది.

ఇది మర్యాదకు సంబంధించిన కారణం. ఆరోగ్యాన్ని గురించిన కారణం కీటాగిరి సూత్రంలో వస్తుంది. తాను రాత్రి భోజనం మానినందువల్ల రోగబాధ తగ్గి, శరీరం తేలికపడి, బలమూ సుఖమూ కలిగినవని, మీరూ అట్లే చేసి చూడండని బుద్ధుడు భిక్షువులతో అన్నాడు. కీటాగిరిలో ఉండే అస్సజి, పునబ్బసు అనే ఇద్దరు దీనికి ఒప్పుకోలేదు. మేము సాయంత్రమూ తింటున్నాము, ఉదయమూ తింటున్నాము, పగలు వేళగాని వేళా తింటున్నాము, అయినా ఆరోగ్యంగానే ఉన్నాము. కంటికి కనబడే దానిని విడిచి ఎప్పుడో వచ్చే దానికోసం ఎందుకు పోవాలి అని వారి వాదం. పదింటికి తిని నిక్షేపంగా ఉన్నవారు ఈనాడు చెప్పే సమాధానమూ ఇదే. వీరిని మొండివారని తోసివేయడం న్యాయం కాదు. తమ అనుభవాన్ని వారు చెప్పుకున్నారు, బుద్ధుడు తన అనుభవాన్ని చెప్పినాడు. అనుభవానికి అనుభవం ఎదురైనప్పుడు తేల్చే సాధనం ఆ రోజులలో లేదు.

నియమం మాత్రం నిలిచింది. మధ్యాహ్నం దాటితే భిక్షువు ఘనాహారం ముట్టరాదు. నిర్వాణానంతరం సుమారు నూరేళ్ళకు వైశాలిలో రెండవ సంగీతి జరిగినప్పుడు వివాదానికి వచ్చిన పది అంశాలలో ఒకటి ఈ వేళను గురించినదే. పొద్దు వాలి నీడ రెండు అంగుళాలు జరిగేవరకూ తినవచ్చునని వజ్జి భిక్షువులు పట్టుబట్టగా, సభ కూడదన్నది. భీమునిపట్నం దారిలో తొట్లకొండ మీద తవ్వకాలలో బయటపడిన భోజనశాలను చూచినప్పుడు, అక్కడి బౌద్ధ సన్యాసులకు కూడా నీడ చూసుకొని విస్తరి ముందు కూర్చునే నియమం ఉండెనని గుర్తు చేసుకోవచ్చు. జైనులు సూర్యాస్తమయానికి ముందే తినాలన్నారు. వారికి ముఖ్యకారణం అహింస. దీపం చుట్టూ మూగే పురుగులకు, చీకటిలో కంటికి కనబడని ప్రాణులకు హాని కలుగరాదని.

వైద్యుల ఆలోచన వేరు దారిన నడిచింది. చరకసంహితలో గ్రహణీరోగాన్ని గురించిన అధ్యాయంలో ఒక విశేషం ఉన్నది. ఉదయం తిన్నది పూర్తిగా జీర్ణం కాకపోయినా సాయంకాలం తింటే అంత దోషం లేదు. రాత్రి తిన్నది జీర్ణం కాకుండా మరునాడు ఉదయం తింటే మాత్రం దోషమని అందులో చెప్పినారు. హృదయం పగలు సూర్యుని వల్ల తామరపువ్వువలె వికసిస్తుందనీ, రాత్రి ముడుచుకుంటుందనీ హేతువు చూపినారు. విరిగిన పాలలో మంచిపాలు పోస్తే అవీ చెడినట్లు, రాత్రి అజీర్ణం మీద పడిన ఆహారం చెడుతుందట. ఇంత చదివి, నేటి శాస్త్రమంతా చరకునికి తెలుసునని సంబరపడనక్కరలేదు. హృదయం తామరపువ్వు కాదు. కాని పగటి శరీరమూ రాత్రి శరీరమూ ఒక్కటే కావన్న గమనిక తేలికగా తీసిపారవేయదగినది కాదు.

తూకం వేసి చూద్దామన్న బుద్ధి ఇటలీ దేశపు వైద్యునికి పుట్టింది. పదువా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన సాంటోరియో ఒక పెద్ద త్రాసుకు కుర్చీ వేలాడగట్టి, అందులో కూర్చుండి భోజనం చేసేవాడు. తిన్నదీ, త్రాగినదీ, విసర్జించినదీ, తన దేహమూ అన్నీ తూచినాడు. 1614లో ఆ ఫలితాలను గ్రంథంగా ప్రకటించినాడు. ఒక దినంలో ఎనిమిది పౌనుల అన్నపానాలు తీసుకుంటే, అందులో ఐదు పౌనులు కంటికి కనబడని చెమటగా పోతున్నవని ఆయన తేల్చినాడు. లెక్కకు అతడిచ్చిన వివరణ నేడు పూర్తిగా చెల్లదు గాని, దేహభారాన్ని గురించి మాట్లాడేవాడు త్రాసు ముందు కూర్చోవాలన్న పద్ధతి అక్కడ మొదలైంది.

తామరపువ్వు ఉపమానానికి జవాబు వంటిది 1729లో ఫ్రాన్సులో దొరికింది. ద మైరాన్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు అత్తిపత్తి వంటి మొక్కను చీకటిలో ఉంచి చూసినాడు. సూర్యుడు కనబడకపోయినా దాని ఆకులు పగటివేళ విచ్చుకొని రాత్రివేళ ముడుచుకుంటూనే ఉన్నవి. అంటే గడియారం మొక్క లోపలనే ఉన్నదన్నమాట. జీవకణాలలోని ఆ గడియారం నడిచే తీరును వివరించినందుకు హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికన్లకు 2017లో నోబెల్ బహుమానం వచ్చింది. మన మెదడులో ఒక పెద్ద గడియారమూ, కాలేయం మొదలైన అవయవాలలో చిన్న గడియారాలూ ఉన్నవి. పెద్దదానిని వెలుతురు దిద్దుతుంది. చిన్నవాటిని దిద్దడంలో భోజనవేళకు ఎక్కువ పాత్ర ఉన్నది. ఒకే భోజనం ఉదయం తిన్నప్పటికంటె రాత్రి తిన్నప్పుడు రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుందని పలు పరీక్షలలో తేలింది. నిద్రవేళకు ఊరే మెలటోనిన్ ఇన్సులిన్ పనికి కొంత అడ్డు రావడం దీనికి ఒక కారణం.

ఇక బరువు మాట. స్పెయిన్ దేశంలో సన్నబడగోరిన 420 మందిని 20 వారాలు గమనించి 2013లో ప్రకటించిన ఫలితం ఇది: దినంలోని పెద్ద భోజనాన్ని మూడు గంటలు దాటిన తరువాత చేసినవారు, ముందు చేసినవారికంటె తక్కువ తగ్గినారు, తిన్న మొత్తంలో చెప్పుకోదగిన తేడా లేదు. 2022లో అమెరికాలోని బోస్టన్ నగరంలో 16 మందికి అదే ఆహారాన్ని నాలుగు గంటలు ఆలస్యంగా పెట్టి చూడగా ఆకలి పెరిగింది, మేలుకొని ఉన్నప్పుడు శరీరం ఖర్చుపెట్టే శక్తి కొద్దిగా తగ్గింది. ఇక్కడితో ఆగితే బుద్ధుని పక్షం గెలిచినట్లే. కాని అదే సంవత్సరం స్కాట్లండులోని అబర్డీనులో 30 మందికి కొలిచిన ఆహారాన్ని ఒకసారి ఉదయం ఎక్కువగానూ, మరొకసారి రాత్రి ఎక్కువగానూ పెట్టగా, తగ్గిన బరువులో తేడా కనబడలేదు. ఉదయం ఎక్కువ తిన్నప్పుడు ఆకలి మాత్రం తక్కువ. చైనాలో 139 మంది స్థూలకాయులను ఏడాది పాటు చూసినప్పుడు కూడా, ఆహారాన్ని తగ్గించడం వల్ల వచ్చిన ఫలితానికి వేళ నియమం చెప్పుకోదగినంత కలపలేదు.

కాబట్టి అస్సజి, పునబ్బసులకు కొంత పాలు దక్కింది. బరువును ముఖ్యంగా నిర్ణయించేది తిన్న మొత్తమే. ఆలస్యం చేసే అపకారం చాలావరకు అడ్డదారిని వస్తుంది. ఆకలి ముదిరి రెండు ముద్దలు ఎక్కువ పోతవి. భోజనం ముందు జంతికలూ, తరువాత మిఠాయి చేరుతవి. తిన్న వెంటనే పడుకుంటే పుల్లత్రేన్పులు, గుండెలో మంట మొదలై నిద్ర చెడుతుంది. పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు భోజనం ముగించమని వైద్యులు చెప్పేది అందుకే. మధుమేహానికి మందులు పుచ్చుకునేవారు మాత్రం ఈ మాట విని రాత్రి భోజనాన్ని తమంతట తాము మానివేయరాదు; చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉన్నది.

వేళ అందరి చేతిలోనూ ఉన్నది కాదు. ఆసుపత్రిలో రాత్రి కాపుండే నర్సు, కర్మాగారంలో రాత్రి విధికి పోయే కార్మికుడు, రైలు నడిపేవాడు వేళను ఎన్నుకోలేరు. అట్టివారికి నడిరాత్రి కడుపునిండా తినడం కంటె, విధికి వెళ్ళేముందే అసలు భోజనం ముగించుకొని, తరువాత అవసరానికి కొద్దిగా తీసుకోవడం సుఖం. వేళ చేతిలో ఉండి కూడా లేనిది మరొకరికి. వంట ఏడింటికే అయిన ఇళ్ళలోనూ, పిల్లలకు పెట్టి, పెద్దలకు వడ్డించి, చివరగా వచ్చేవారి కోసం కాచుకొని, ఇల్లాలు తన విస్తరి వేసుకునేసరికి పది దాటుతుంది. అప్పుడు ఆమె తినేది కూడా ఆకలిని బట్టి కాదు, గిన్నెలలో మిగిలినదానిని బట్టి. పారవేయడానికి మనసొప్పక రెండు ముద్దలు ఎక్కువ తిన్నా ఆమే, కూర చాలక మజ్జిగతో సరిపెట్టుకున్నా ఆమే. పెందలాడే భోంచేయమని వైద్యుడు ఇంటి యజమానికి చెప్పిన మాట ఆమె దాకా రావాలంటే, ఆ ఇంట్లో అందరూ ఒక్కసారే పీటల మీద కూర్చోవలసి ఉంటుంది.