బాతులకు దారిచ్చిన బాబీ పియర్స్

2028తో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు నూరేళ్లు నిండుతాయి. ఆ ఊరి పేరు చెబితే మనకు ధ్యాన్‌చంద్, తొలి హాకీ స్వర్ణం గుర్తొస్తాయి. అదే ఒలింపిక్స్‌లో స్లోటెన్ కాలువ మీద సిడ్నీ వడ్రంగి ఒకడు ఒంటరి పడవ పందెం గెలిచాడు. రోయింగ్ వాళ్లు దాన్ని సింగిల్ స్కల్స్ అంటారు. ఒక్క మనిషి, రెండు చేతుల్లో రెండు తెడ్లు, తోడెవరూ ఉండరు. ఆ వడ్రంగి పేరు హెన్రీ రాబర్ట్ పియర్స్. అందరికీ బాబీ.

ఈ పందెం దొరబిడ్డల వేడుకగా పుట్టలేదు. లండన్‌లో థేమ్స్ నది దాటించి పొట్ట పోసుకునే పడవవాళ్ల పోటీ ఇది. 1715లో థామస్ డాగెట్ అనే నటుడు, మొదటి జార్జి గద్దెనెక్కి ఏడాదైన సందర్భంగా, పడవ పని కొత్తగా నేర్చుకున్న కుర్రాళ్లకు లండన్ బ్రిడ్జి నుంచి చెల్సీ దాకా పందెం పెట్టాడు. గెలిచినవాడికి ఒక కోటు, దాని చేతి మీద వెండి బిళ్ల. ఆ పందెం నేటికీ నడుస్తోంది. 1839లో అదే నది మీద హెన్లీ పోటీలు మొదలయ్యాయి. అక్కడి ఒంటరి పడవ పందెం డైమండ్ స్కల్స్ 1844 నాటిది. 1876లో సిడ్నీ వాడు ట్రికెట్, 1880లో అతన్ని ఓడించి టొరంటో వాడు నెడ్ హాన్లన్ ప్రపంచ విజేతలయ్యారు. వీళ్లంతా డబ్బు కోసం తెడ్డు పట్టినవాళ్లు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1879లో, హెన్లీ పెద్దలు ఒక నిబంధన రాసుకున్నారు. చేతిపని చేసి కూలి తీసుకునేవాడు, మెకానిక్, కూలీ మా పోటీలకు పనికిరారు అన్నది దాని సారం. నదిని పోషించిన మనుషులనే గట్టు మీదికి నెట్టేసిన ఆ రాత చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. 1920లో ఫిలడెల్ఫియా తాపీమేస్త్రీ జాక్ కెల్లీని అలాగే వెనక్కి పంపారు. ఆ ఏడాది డైమండ్ స్కల్స్ గెలిచిన బెరెస్‌ఫర్డ్‌ను అదే కెల్లీ ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్ ఫైనల్లో ఓడించాడు. సినీనటి గ్రేస్ కెల్లీ ఈయన కూతురే.

ఇక బాబీ సంగతి. 1905లో సిడ్నీలో పుట్టాడు. తండ్రి కూడా పేరున్న స్కల్లరే. కొడుకు వడ్రంగం చేస్తూనే 1927 నుంచి వరసగా మూడేళ్లు ఆస్ట్రేలియా విజేత అయ్యాడు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో క్వార్టర్ ఫైనల్. ప్రత్యర్థి ఫ్రాన్స్‌కు చెందిన సోరాన్. స్కల్లర్ వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు. కాళ్లు పలకకు బిగించి ఉంటాయి, సీటు చిన్న పట్టాల మీద ముందుకీ వెనక్కీ జారుతుంది. కంటికి కనిపించేది వదిలి వచ్చిన నీళ్లూ, వెనకబడిన ప్రత్యర్థీ మాత్రమే. ముందేముందో తెలియాలంటే మెడ తిప్పాలి, తిప్పితే లయ చెదురుతుంది. బాబీ ఊపు మీద ఉన్నాడు. ఉన్నట్టుండి గట్టు మీద జనం కేకలు పెట్టి అతని వెనక్కి వేళ్లు చూపించసాగారు. భుజం మీదుగా తిరిగి చూశాడు. తల్లిబాతు ముందు, పిల్లలు వెనక, మన డెల్టా కాలువల్లో కనిపించినట్టే ఒకే వరసలో కాలువకు అడ్డంగా ఈదుతున్నాయి.

బాబీ తెడ్లు వేయడం ఆపేశాడు.

ఒంటరి పడవ జానెడున్నర కూడా వెడల్పుండదు. పరుగు మీదున్న ఆ పడవను ఆపి మళ్లీ లాగాలంటే తొడలూ నడుమూ మొదటి నుంచీ బరువెత్తుకోవాల్సిందే. బాతులు దాటేలోపు సోరాన్ పక్క నుంచి దూసుకుపోయాడు. ఓడిపోతే నాలుగేళ్లు ఆగాలి. అయినా చివరి పిల్ల పక్కకు తప్పుకునే దాకా బాబీ ఆగాడు. తర్వాత తెడ్లు ముంచి, ఫ్రెంచివాణ్ని దాటి, బోలెడు దూరం తేడాతో గెలిచాడు. ఆమ్‌స్టర్‌డామ్ పిల్లలకు ఆ రోజు నుంచీ అతనే హీరో అయ్యాడంటే వింతేముంది?

ఫైనల్లో అమెరికా వాడు కెన్ మయర్స్‌ను దాదాపు పది సెకన్ల తేడాతో ఓడించాడు. 2000 మీటర్లకు 7 నిమిషాల 11 సెకన్లు. 1972 మ్యూనిక్ దాకా ఒలింపిక్స్‌లో ఈ పందెం అంతకన్నా వేగంగా ఎవరూ గెలవలేదు.

అంతటి విజేతకూ హెన్లీ తలుపు తెరుచుకోలేదు. కారణం వడ్రంగి కావడమే. ఇంటికి వచ్చేసరికి ఆర్థిక మాంద్యం. ఒలింపిక్ స్వర్ణం తెచ్చినవాడు సిడ్నీ ప్రదర్శన మైదానంలో చిత్తుకాగితాలు ఏరుకునే పనికి కుదిరాడు. 1930లో కెనడాలోని హామిల్టన్‌లో జరిగిన తొలి ఎంపైర్ క్రీడల్లో స్వర్ణం గెలిచాక డ్యూయర్ విస్కీ సంస్థ అతనికి అక్కడే సేల్స్‌మన్ ఉద్యోగం ఇచ్చింది. ఉలి వదిలి విస్కీ అమ్మకానికి దిగగానే హెన్లీ నిబంధనకు అడ్డు తొలగింది. 1931లో డైమండ్ స్కల్స్ గెలిచాడు. చేతులు అవే, బలమూ అదే.

1932లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో, లాంగ్ బీచ్ మెరైన్ స్టేడియంలో, రెండో స్వర్ణం. మరుసటి ఏడాది టొరంటోలో టెడ్ ఫెల్ప్స్‌ను ఓడించి వృత్తి స్కల్లర్ల ప్రపంచ విజేత అయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కెనడా నౌకాదళంలో చేరాడు. 1976 మేలో టొరంటోలో కన్నుమూశాడు.

హెన్లీ ఆ నిబంధనను 1937లో ఎత్తేసింది. అంతకు ముందు ఏడాది ఆస్ట్రేలియా పోలీసుల జట్టును కూడా కాదన్నాక గాని వాళ్లకు బుద్ధి రాలేదు. ఆ తర్వాత సింగిల్ స్కల్స్‌లో సోవియట్ ఇవానోవ్, ఫిన్లాండ్ కర్పినెన్ తలా మూడేసి ఒలింపిక్ స్వర్ణాలు గెలిచారు. పడవలు చెక్క నుంచి కార్బన్ ఫైబర్‌కు మారాయి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో రోయింగ్ పోటీలు మళ్లీ లాంగ్ బీచ్ మెరైన్ స్టేడియంలోనే జరగాలి, కాకపోతే దూరం 1500 మీటర్లకు తగ్గించారు. ఈ కోత నాకు నచ్చలేదు. స్కల్లర్ గుండె బలం తేలేది ఆ చివరి అయిదు వందల మీటర్లలోనే.

మన దగ్గర హుస్సేన్ సాగర్‌లో జాతీయ రోయింగ్ పోటీలు ఎన్నోసార్లు జరిగాయి. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బజరంగ్ లాల్ తాఖర్ సింగిల్ స్కల్స్ స్వర్ణం తెచ్చాడు. నాసిక్ జిల్లా కరువు పల్లె నుంచి వచ్చిన దత్తు భోకనల్ తండ్రితో కలిసి బావులు తవ్విన కూలీ. సైన్యంలో చేరాక తెడ్డు పట్టాడు. 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి తల్లి కోమాలో ఉంది. అక్కడ పదమూడో స్థానంలో నిలిచాడు. చివరి పందెంలో 2000 మీటర్లు లాగడానికి అతనికి పట్టింది 6 నిమిషాల 54 సెకన్లు.