రాసుకో సేటూ: పరకాల ఇళ్లలో నెల సామాను, తగ్గింపు ధర, నగదు

సెప్టెంబరులో ఒక సాయంత్రం పరకాలలో ఒక కిరాణం దుకాణం ముందు నిలబడి ఉన్నాను. చేను పని ముగించుకుని నేరుగా వచ్చిన ఒకామె అర్ధకిలో కందిపప్పు, నూనె పాకెట్, రెండు సబ్బులు, పావుకిలో చాయపత్తి అడిగింది. "రాసుకో సేటూ, పత్తి అమ్మినంక ఇస్తం" అంది. ఆయన పొడుగాటి ఖాతా పుస్తకం తీసి, "పాతయే ఉన్నయి గదా అక్కా" అంటూనే రాసుకున్నాడు. పప్పు జోకి పొట్లం కడుతుంటే ఆమె అటు చూడనైనా లేదు. పక్కనే పైసలిచ్చి కొంటున్న ఇంకొకామె మాత్రం గుప్పెడు పప్పు అరచేతిలో పోసుకుంది. వేలితో కదిపి, నూక ఎంత ఉందో చూసి, "ఇది వద్దు, ఆ బస్తాలది పెట్టు" అంది. ఆయన పెట్టాడు.

తగ్గింపు ధరల సూపర్ మార్కెట్‌లో కొంటే సంసారానికి లాభమా, సరుకు మంచిదేనా అన్న ప్రశ్నకు హనుమకొండలోనైతే జవాబు సులువు. అక్కడికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న పరకాలలో అంత సులువు కాదు. ఇక్కడ కొన్ని ఇళ్లకు నెలనెలా డబ్బు వస్తుంది: బడి పంతుళ్లు, ఆర్టీసీ ఉద్యోగులు, పింఛనుదారులు. చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్లకు పంట అమ్మినప్పుడే వస్తుంది. పత్తి అయితే దసరా దాటాలి. వరి అయితే కొనుగోలు కేంద్రంలో కాంటా అయి, బ్యాంకు ఖాతాలో జమ కావాలి. నా వాదన ఇది: తగ్గింపు ధర నగదు ధర. చేతిలో పైసలున్నవాళ్లకే అది అందుతుంది. లేనివాళ్లు అదే సరుకుకు ఎక్కువ పెడతారు. ఆ ఎక్కువలో కొంత రూపాయల్లో పోతుంది, కొంత సరుకు నాణ్యతలో పోతుంది.

ధర తగ్గేది ఎక్కడ

అమెరికాలో శామ్ వాల్టన్ మొదటి వాల్‌మార్ట్ తెరిచింది 1962లో. అదే ఏడాది జర్మనీలో ఆల్బ్రెక్ట్ సోదరుల దుకాణాలకు ఆల్డి అనే పేరు వచ్చింది. రకాలు తక్కువ, అమ్మకం ఎక్కువ, హంగులు లేవు, గిరాకీ తన సరుకు తానే తీసుకోవాలి: ఆల్డి నడిచిన దారి ఇదే. మన దగ్గర హైదరాబాద్‌లో 1986లో మొదలైన త్రినేత్రను 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు కొనుక్కుంది. చెన్నైలో 1997లో పుట్టిన సుభిక్ష తగ్గింపు ధరే ఆయుధంగా దాదాపు 1,600 దుకాణాలకు పెరిగి, 2009లో మూతపడింది. 2002లో ముంబయిలోని పొవాయిలో తొలి దుకాణం తెరిచిన డీమార్ట్ నింపాదిగా విస్తరించి, 2025 మార్చి చివరికి 415 దుకాణాలకు చేరింది.

సుభిక్ష అప్పులు చేసి పరుగెత్తింది. డీమార్ట్ చాలావరకు సొంత కట్టడాల్లో దుకాణాలు పెట్టుకుంది. సరుకు వేసిన కంపెనీలకు త్వరగా డబ్బు కట్టి, ఆ మేరకు ధర తగ్గించుకుంటుంది. తగ్గింపు దుకాణానికి చవకగా సరుకు రావడానికి కూడా మూలం నగదే. హోల్‌సేల్ వ్యాపారి దగ్గర ఉద్దెరకు తెచ్చుకునే చిన్న కిరాణాయనకు ఆ ధర రాదు. తనకు దొరకని ధర ఆయన గిరాకీకి ఎక్కడినుంచి ఇస్తాడు? ఉద్దెర మీద ఉద్దెర పేరుకుంటూ వచ్చి, చివరికి ఖాతా పుస్తకంలో పేరున్న ఇంటి మీద పడుతుంది.

సరుకు మంచిదేనా

పెద్ద కంపెనీల ప్యాకెట్ల విషయంలో ఎక్కువ చర్చ అక్కర్లేదు. ఏ దుకాణంలో కొన్నా లోపలి సరుకు అదే. సరుకు తొందరగా కదిలే చోట తాజా తేదీ దొరుకుతుంది, ఆ లాభం తగ్గింపు దుకాణానిదే. కూరగాయలకు మాత్రం పరకాల జనం హనుమకొండ దాకా పోనక్కర్లేదు. అంగడిలో దొరికే వంకాయ ముందు చల్లటి పెట్టెలో పెట్టిన వంకాయ నిలవదు. కారం సంగతి కూడా అంతే. ఎండాకాలంలో మిరపకాయలు కొని, తొడిమలు తీసి, ఎండబెట్టి, గిర్నిలో పట్టించుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తమ కళ్ల ముందు పట్టిన కారానికి మించిన పూచీ ఏ ప్యాకెట్ మీదా ఉండదు.

మోసపోయే అవకాశం ఎక్కువగా ఉన్నది సబ్బు, నూనె, పప్పుల దగ్గర.

సబ్బు రేపర్ వెనక చిన్న అక్షరాలు చూడండి. భారతీయ ప్రమాణాల ప్రకారం టాయిలెట్ సోప్‌కు మూడు గ్రేడ్లు. మొత్తం కొవ్వు పదార్థం కనీసం 76 శాతం ఉంటే గ్రేడ్ 1, 70 ఉంటే గ్రేడ్ 2, 60 ఉంటే గ్రేడ్ 3. అంతకన్నా తక్కువ ఉన్నవి చాలావరకు 'బేతింగ్ బార్' పేరుతో వస్తాయి. కొవ్వు పదార్థం తక్కువైన సబ్బు నీళ్లు తగిలితే తొందరగా మెత్తబడి కరిగిపోతుంది. నాలుగు కొంటే ఒకటి ఉచితం అని కట్టగట్టి పెట్టిన సబ్బులను పక్కనున్న వాటితో పోల్చేటప్పుడు ముందు ఈ అంకె చూడాలి, ధర తరువాత. అయితే ఇక్కడ నన్ను బాధించే విషయం ఒకటుంది. ప్యాకెట్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులోనో, దేవనాగరి లిపిలో హిందీలోనో ఉంటే చాలునని నిబంధన. తెలుగు పెట్టుకోవచ్చు, పెట్టకపోయినా తప్పులేదు. తెలుగు ఒక్కటే చదవగలిగిన ఇల్లాలికి ఆ రేపర్ మీద ధర అంకె, రంగు బొమ్మ తప్ప ఏమీ కనబడదు.

నూనె పాకెట్‌ది మరో కథ. వేడెక్కితే నూనె వ్యాకోచిస్తుంది. లీటరు సోయాబీన్ నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే తూగుతుంది. ఎక్కువ ఉష్ణోగ్రత రాసి తక్కువ నూనెను లీటరుగా చూపకుండా, ఉష్ణోగ్రత ప్రస్తావన తీసేసి బరువు కూడా సరిగా రాయాలని 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కంపెనీలకు చెప్పింది. ఇంకోవైపు 2021 సవరణతో నిర్ణీత ప్యాకెట్ పరిమాణాల జాబితాను తొలగించి, ఆ స్థానంలో గ్రాముకు, కిలోకు, లీటరుకు ధర ఎంతో ముద్రించాలని పెట్టారు. అందుకే ఇప్పుడు 850, 910 లాంటి వింత అంకెల ప్యాకెట్లు కనబడతాయి. పెద్దది కొంటే చవక అనే నమ్మకం కూడా ప్రతిసారీ నిజం కాదు. మన దేశంలో షాంపూ సాచెట్ చాలాసార్లు సీసా కన్నా మిల్లీలీటరుకు చవకగా పడుతుంది. ఇవన్నీ తేలేది యూనిట్ ధర చూస్తేనే. ఆ అంకె ప్యాకెట్ మీద చీమ తలకాయంత ఉంటుంది.

పప్పు దగ్గర రెండు పద్ధతులూ పోటీ పడతాయి. తగ్గింపు దుకాణం తన పేరుతో ప్యాక్ చేసిన పప్పులో గింజ ఒక్క తీరుగా ఉంటుంది. ప్యాక్ చేసిన తేదీ, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉంటాయి. తేడా వస్తే అడగడానికి ఆధారం ఉంటుంది. కిరాణంలో విడి పప్పుకు అవి ఉండవు కానీ, చేత్తో ముట్టి చూసే వీలుంటుంది. నూక, దుమ్ము, పురుగు, గొడ్డలి ఆకారంలో చీలినట్టుండే కేసరి పప్పు కల్తీ, అలవాటైన కళ్లకు ఇట్టే దొరుకుతాయి. నగదు ఇచ్చేవాళ్లకు రెండూ మంచి మార్గాలే. ఉద్దెర ఇంటికి మొదటిది అసలు లేదు. రెండోదానిలో సరుకు ఎంచుకునే నోరు లేదు.

ధర ముందు నిర్ణయించి సరుకు తరువాత వెతికితే ఏమవుతుందో ప్రభుత్వ పథకాల్లోనూ చూశాం. 2013 ఉగాదికి మొదలైన అమ్మహస్తంలో 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు. పేదింటికి అది పెద్ద ఊరటే. కానీ సరుకుల నాణ్యత మీద ఫిర్యాదులు వచ్చాయి. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్ దుకాణాల్లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. దాంతో చాలా ఇళ్ల నెల సామాను జాబితాలోంచి బియ్యం బరువు తగ్గింది. మిగిలింది పప్పు, నూనె, చక్కెర, చాయపత్తి, సబ్బులు.

బస్సు, కూలి, సంచి

పరకాల ఆడవాళ్లకు హనుమకొండ దూరాన్ని మార్చింది మహాలక్ష్మి పథకం. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు చార్జీ లేదు. ఇదివరకు తగ్గింపు దుకాణంలో మిగిలేదాన్ని బస్సు చార్జీ కొంత మింగేది. ఇప్పుడు ఆ పద్దు పోయింది. అయినా పది కిలోల సంచులు రెండు చేతుల్లో పట్టుకుని కిక్కిరిసిన బస్సు మెట్టెక్కడం, బస్టాండు నుంచి దుకాణానికి ఆటో, పోయిన పూట, ఇవన్నీ ఉన్నాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. నెలకు 4,000 రూపాయల సామాను కొనే ఇల్లు అనుకుందాం. తగ్గింపు 8 శాతం అనుకుంటే మిగిలేది 320 రూపాయలు. ఉపాధి హామీ పథకం కింద 2025-26కి తెలంగాణలో రోజు కూలి 307 రూపాయలు. ఒక పని దినం పోగొట్టుకుని హనుమకొండ పోయి వచ్చిన కూలి మనిషికి నికరంగా మిగిలేది 13 రూపాయలు, అది కూడా ఆటో ఎక్కకపోతేనే. పత్తి ఏరే కాలంలో ఆ 13 కూడా నిలవకపోవచ్చు. ఆదివారం సెలవున్న పంతులమ్మకు అదే ప్రయాణంలో 320 చేతికొస్తాయి, పిల్లలకు షికారు కూడా అవుతుంది. దుకాణం ఒకటే, ధర ఒకటే, విలువ మాత్రం ఇంటింటికీ వేరు.

ఈ మొత్తాలు చిన్నవి అనిపించవచ్చు. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణ గ్రామాల్లో మనిషికి సగటు నెల ఖర్చు 4,802 రూపాయలు, పట్టణాల్లో 8,158. దేశం మొత్తం మీద గ్రామీణ ఖర్చులో 46 శాతం పైగా తిండికే పోతోంది. ఆదాయం తగ్గేకొద్దీ ఖర్చులో తిండి వాటా పెరుగుతుందని 1857లో ఎర్న్‌స్ట్ ఎంగెల్ చెప్పింది ఇప్పటికీ చెల్లుతోంది. అందుకే సరుకుల మీద 8 శాతం తేడా ఎవరికి అత్యవసరమో వాళ్ల ఖర్చులో దాని బరువు కూడా ఎక్కువ.

మిత్తి ఎక్కడ దాగుంది

కిరాణం ఉద్దెరను దోపిడీ అని ఒక్క మాటలో కొట్టేయడం నాకు ఇష్టం లేదు. లెక్క చూడండి. తగ్గింపు దుకాణంలో 92 రూపాయలకు దొరికే సరుకును కిరాణంలో 100కు రాయించుకుంటే, ఆ 8 రూపాయలు 92 మీద మిత్తి, అంటే 8.7 శాతం. పత్తి డబ్బు వచ్చాక, నాలుగు నెలలకు తీర్చితే నూటికి నెలకు రెండు రూపాయల పైచిలుకు పడింది. పల్లెల్లో చేబదులుకు జనం నోట వినిపించే రెండు రూపాయల మిత్తికి ఇది దగ్గరగానే ఉంది. ఆరు నెలలైతే రూపాయిన్నర లోపే. కాగితం లేదు, తాకట్టు లేదు, అడగగానే పప్పు పొట్లం చేతిలో పడింది. కానీ నెల తిరగ్గానే జీతంలోంచి కిరాణం బాకీ కట్టేసే ఉద్యోగి నూటికి నెలకు 8.7 చొప్పున మిత్తి కడుతున్నాడు. ఆయనకు ఆ సంగతి తెలియదు. తగ్గింపు సూపర్ మార్కెట్ వల్ల అందరికన్నా ఎక్కువ లాభపడగలిగింది ఇలాంటి ఇళ్లే. ఒక్క నెల బాకీ ఎలాగోలా ముందుగా తీర్చేసి నగదులోకి మారితే చాలు.

అయితే ఈ మిత్తి అన్ని సరుకుల మీదా సమానంగా పడదు. ప్యాకెట్ సరుకు మీద గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉంటుంది. తూనికలు, కొలతల చట్టం ప్రకారం అంతకు మించి తీసుకోవడం నేరం. ఆరు నెలలు ఆగినా, ఏడాది ఆగినా సబ్బు మీద ఆ ధర దాటకూడదు. విడి పప్పుకు, చింతపండుకు, బెల్లానికి అలాంటి కట్టడి లేదు. ఆలస్యానికి మిత్తి అక్కడ చేరుతుంది. కిలోకు అయిదో పదో ఎక్కువ రాసుకోవడం ఒక దారి. రెండో రకం సరుకు పొట్లం కట్టడం ఇంకో దారి. మొదటిది పుస్తకంలో కనబడుతుంది. రెండోది తినేదాకా కనబడదు. సెప్టెంబరు సాయంత్రం నేను చూసింది ఆ రెండో దారిని.

దీన్నిబట్టి తప్పనిసరిగా ఉద్దెర మీద బతికే ఇంటికి ఒక పద్ధతి తోస్తుంది. సబ్బు, చాయపత్తి, నూనె లాంటి ముద్రించిన ధర ఉన్నవి ఖాతాలో రాయించుకోవాలి. చేతిలో ఉన్న కొద్ది నగదును పప్పు, చింతపండు వంటి విడి సరుకులకు దాచుకోవాలి. అప్పుడు సరుకు ఎంచుకునే హక్కు నిలుస్తుంది. చాలా ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. చిన్న నగదు సబ్బులకు, బిస్కెట్లకు పోయి, పప్పు పుస్తకంలోకి ఎక్కుతుంది.

ఈ సంగతి ఆ దుకాణం దగ్గరే ఒక పెద్దావిడతో అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "అందరం గట్లనే జేస్తే సేటు ఊకుంటడా బిడ్డా?" అంది. ఆమె పట్టుకున్న చోటే నా పద్ధతికి హద్దు ఉంది. ప్యాకెట్ సరుకు మీద చిన్న కిరాణానికి మిగిలేది తక్కువ. విడి సరుకు మీద వచ్చే ఆ కొంచెమే ఉద్దెరను మోస్తోంది. అది కూడా పోతే ఆయన పుస్తకం మూసేస్తాడు. అప్పుడు సెప్టెంబరులో పప్పు ఇచ్చేవాళ్లు ఎవరు? మహిళా సంఘం రుణంలో కొంత భాగాన్ని పంట లేని నెలల సామానుకు నగదుగా తిప్పుకోగలిగితే, పది ఇళ్లు కలిసి ఒక పప్పు బస్తా కొని పంచుకోగలిగితే, ఖాతా పుస్తకం మీద భారం కొంత తగ్గుతుంది. తగ్గింపు దుకాణం ఇచ్చే ధర కూడా అప్పుడు పల్లె ఇంటిదాకా వస్తుంది. పెద్దావిడ ఆ మాటకు తలూపింది. తరువాత సేటు వైపు తిరిగి, పావుకిలో చక్కెర రాసుకొమ్మంది.