కృష్ణా ప్రాజెక్టుల నిర్వాసితుల పునరావాసం: గ్రామ పంచాయతీలు, గ్రామసభల పాత్ర

(నేపథ్య వ్యాసం)

పూర్వపు నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో సాగునీటి ప్రాజెక్టుల చరిత్రతో ముంపు గ్రామాల పునరావాస చరిత్ర కూడా ముడిపడి ఉన్నది. 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ జలాశయంలో నల్గొండ జిల్లాకు చెందిన ఏలేశ్వరం మునిగిపోయింది. శ్రీశైలం జలాశయం కారణంగా మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలలో సుమారు 100 గ్రామాలు ముంపునకు గురయ్యాయి.

శ్రీశైలం ముంపు ప్రాంతంలోని కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి తరలించబడింది. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయం కూడా వేరొక చోట పునర్నిర్మించబడింది. ఆలయాన్ని రాళ్లకు వరుస సంఖ్యలు వేసి తిరిగి నిలుపవచ్చును. గ్రామాన్ని తిరిగి నిలుపుటకు ఇండ్లు, నష్టపరిహారం మాత్రమే చాలవు.

విధానాల పరిణామం

ప్రాజెక్టుల కింద నిర్వాసితులైన కుటుంబాలలో ఒకరికి ఉద్యోగావకాశం కల్పించేందుకు 1986లో జి.ఓ. 98 వెలువడింది. దాని అమలు కోసం శ్రీశైలం నిర్వాసితులు దశాబ్దాల తరబడి అర్జీలు సమర్పిస్తూ వచ్చారు. 2005 ఏప్రిల్‌లో జి.ఓ. 68 ద్వారా ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సమగ్ర పునరావాస విధానాన్ని ప్రకటించింది. 2014 జనవరి 1 నుండి కేంద్ర భూసేకరణ, పునరావాస చట్టం (2013లోని 30వ చట్టం) అమలులోకి వచ్చింది.

స్థానిక సంస్థల బాధ్యతలు

కేంద్ర చట్టం ప్రకారం పునరావాస ముసాయిదా పథకాన్ని సంబంధిత గ్రామసభలలో చర్చకు పెట్టవలెను. ఒక గ్రామసభ పరిధిలోని భూమిలో 25 శాతానికి మించి సేకరించినచో, అక్కడ ప్రత్యేకంగా బహిరంగ విచారణ జరుపవలెను. సేకరించే భూమి 100 ఎకరాలు లేదా అంతకు మించినప్పుడు కలెక్టర్ అధ్యక్షతన ప్రాజెక్టు స్థాయి పునరావాస కమిటీ ఏర్పాటవుతుంది. అందులో ప్రభావిత ప్రాంత పంచాయతీల అధ్యక్షులు, మహిళల ప్రతినిధి, షెడ్యూల్డు కులాలు, తెగల ప్రతినిధులు, శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు ఉంటారు. పథకం పూర్తయిన పిదప గ్రామసభను సంప్రదించి సామాజిక తనిఖీ జరుపుట కూడా ఈ కమిటీ విధియే.

కొత్త గ్రామంలో రహదారులు, మురుగు కాలువలు, తాగునీరు, మేత భూమి, చౌకధరల దుకాణం, అంగన్‌వాడీ, పాఠశాల, పంచాయతీ భవనం, శ్మశానవాటిక, ప్రార్థనా స్థలం తదితర వసతులు చట్టం మూడవ షెడ్యూలులో చేర్చబడ్డాయి. పునరావాస కాలనీకి చోటిచ్చిన గ్రామం సహకారం ఇందులో కీలకమైనది. చెరువు నీరు, పశువుల మేత బీడు, శ్మశానం పంపకంపై పాత, కొత్త నివాసుల మధ్య అంగీకారం ముందుగా కుదిరినచో వివాదాలు తగ్గుతాయి. ఆ అంగీకారానికి తగిన వేదిక గ్రామసభయే.

ప్రస్తుత ప్రాజెక్టులు

2015 జూన్‌లో శంకుస్థాపన జరిగిన పాలమూరు-రంగారెడ్డి, డిండి ఎత్తిపోతల పథకాల జలాశయాలు ఈ ప్రాంతంలో మరల పునరావాసాన్ని ముందుకు తెచ్చాయి. 2017లో వచ్చిన రాష్ట్ర సవరణ చట్టం కొన్ని రకాల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుండి మినహాయించే అధికారాన్ని ప్రభుత్వానికి కల్పించింది. కావున ఏ నిబంధనలు వర్తిస్తాయన్నది ఆయా ప్రాజెక్టుల నోటిఫికేషన్ల ద్వారా నిర్ధారించుకోవలసి ఉంటుంది.

సాగునీటి ప్రాజెక్టులలో భూములు మునుగుటకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావలెనని కేంద్ర చట్టం 38వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. జలాశయం నింపే తేదీతో పాటు ఈ గడువును కూడా పంచాయతీలు, అధికారులు పరిగణనలోకి తీసుకొనుట అవసరం. నీరు ముందు, నివాసం తరువాత అనే క్రమం మరల చోటుచేసుకోకుండా ఈ నిబంధన నిర్వాసితులకు రక్షణగా నిలుస్తుంది.