టైరులో గాలి తగ్గితే పెట్రోలు ఖర్చు పెరుగుతుంది

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో చాలా కుటుంబాలకు కారు ఇప్పుడు రోజువారీ అవసరం. హైదరాబాద్ ఆసుపత్రికైనా, విజయవాడ పెళ్లికైనా, జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకైనా ఇంటిల్లిపాదీ అందులోనే బయలుదేరతారు. మైలేజీ పడిపోతే ముందు పెట్రోలు కల్తీ అనుకుంటాం. కానీ మొదట చూడాల్సింది టైర్లు.

గాలి తగ్గితే ఏమవుతుంది?

గాలి తక్కువున్న టైరు తిరిగే ప్రతిసారీ ఎక్కువ నలుగుతుంది, వేడెక్కుతుంది. ఆ వేడికి ఖర్చయ్యేది మన పెట్రోలే. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం నాలుగు టైర్లలో సగటున 1 పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం పడిపోతుంది. అంటే 33 ఉండాల్సిన చోట 25 ఉంటే 1.6 శాతం నష్టం. డబ్బు కంటే పెద్ద ప్రమాదం మరొకటుంది. మే ఎండల్లో 65వ నంబరు జాతీయ రహదారి మీద నిండా మనుషులతో వేగంగా వెళ్తుంటే అలాంటి టైరు పేలిపోవచ్చు.

ఎంత గాలి కొట్టించాలి?

డ్రైవర్ డోర్ తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఆ కారుకు ఎంత ఉండాలో రాసి ఉంటుంది. ఫుల్ లోడుకు వేరే అంకె ఉంటే దూర ప్రయాణానికి అదే పాటించాలి. టైరు మీద ముద్రించినది గరిష్ఠ పరిమితి, అంత కొట్టించకూడదు. పొద్దున్నే బండి తిరగకముందు చూపిస్తేనే సరైన అంకె వస్తుంది. "ఎండాకాలం కదా, కొంచెం తగ్గించు" అనడం పొరపాటు, తగ్గిస్తే టైరు ఇంకా వేడెక్కుతుంది. నెలకు రెండుసార్లు చూపించండి, స్టెపినీని మరవకండి. పెట్రోలు బంకులో గాలి ఉచితం.

మిగతా జాగ్రత్తలు

• సర్వీసింగ్: ట్యూనింగ్ తప్పిన ఇంజిన్‌ను సరిచేయిస్తే సగటున 4 శాతం ఆదా. కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలే వాడాలి.
• ఎయిర్ ఫిల్టర్: మట్టి రోడ్లలో త్వరగా మూసుకుపోతుంది. కొత్త కార్లలో ముందు పికప్ తగ్గుతుంది, పాత కార్బ్యురేటర్ బండ్లలో మైలేజీ కూడా పడిపోతుంది.
• అలైన్‌మెంట్: టైరు ఒకవైపే అరుగుతున్నా, స్టీరింగ్ పక్కకు లాగుతున్నా చేయించాలి.
• బరువు: డిక్కీలో 45 కిలోల అనవసర సామాను ఉంటే సుమారు 1 శాతం నష్టం. పైన క్యారియర్ మీద కడితే గాలి అడ్డుకుని ఇంకా ఎక్కువ పోతుంది.
• వేగం: గంటకు 80 కిలోమీటర్లు దాటాక మైలేజీ వేగంగా పడిపోతుంది.

ఇంటి లెక్క

నెలకు 1,000 కిలోమీటర్లు, లీటరుకు 20 మైలేజీ అనుకుంటే 50 లీటర్లు కావాలి. గాలి, ట్యూనింగ్, బరువు సరిచేసుకుంటే సుమారు 6.6 శాతం, అంటే 3.3 లీటర్లు మిగులుతాయి. లీటరు 110 రూపాయలు అనుకుంటే ఏడాదికి సుమారు 4,350 రూపాయలు. ఒక సర్వీసింగ్‌కు చాలావరకు సరిపోయే డబ్బు అది.